మనకోసం ఒక చాప

(స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో నన్ను గృహహింస చట్టం అమలు గురించి మాట్లాడమన్నారు. ఆ చట్టం 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నాటినుంచీ దాని గురించే మాట్లాడుతున్నాను. ఈసారి వేరే విషయం మాట్లాడతానని నేనే అడిగాను. యోగా, ధ్యానం అనగానే నిర్వాహకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అక్కా, నువ్వు కూడానా?" అని ఒక చెల్లెలు నవ్వింది. ఆ నవ్వులో ఉన్న అనుమానం నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం అయితే నేనే అంతకంటే గట్టిగా నవ్వేదాన్ని.

మన అనుమానానికి కారణాలున్నాయి. ఆడపిల్ల పుట్టిన దగ్గర్నుంచి మనకు నూరిపోసేది ఓర్పు. భూదేవంత ఓర్పు ఉండాలంటారు. మొగుడు కొడితే ఓర్చుకో, అత్త తిడితే సర్దుకో, అన్నం చాలకపోతే మంచినీళ్ళు తాగి పడుకో. ఇది చాలదన్నట్టు ఓర్చుకోవడానికి ఇంకో పద్ధతి కూడా నేర్పిస్తారా అని నాకు ఒళ్ళు మండేది. ఒక పోలీస్ స్టేషన్‌లో, కర్ణభేరి పగిలి వచ్చిన మనిషితో అక్కడి అధికారి, "రోజూ పొద్దున్నే కాస్త యోగా చేసుకోమ్మా, కోపం తగ్గుతుంది, కాపురం నిలబడుతుంది" అని చెప్పడం నేను స్వయంగా విన్నాను. కొట్టినవాడు బయట బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. యోగా చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నేను యోగాని పొగడటానికి రాలేదు. అది నాకు ఎలా పనికొచ్చిందో, ఎక్కడ పనికిరాదో, రెండూ చెప్తాను. అందుకు ముందు మీకెవరికీ ఇంతవరకూ చెప్పని సంగతులు కొన్ని చెప్పాలి.

నేను ఈ పనిలోకి వచ్చింది 2003లో. అంతకు ముందు తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. ఆ తొమ్మిదేళ్ళూ దెబ్బలు తిన్నాను. కూతుర్ని తీసుకుని బయటికొచ్చాక పుట్టింట్లో ఏడాది ఉండి, తర్వాత సహాయ కేంద్రంలో చేరాను. చేరిన రోజునుంచీ ఇతరుల కథలు విన్నాను తప్ప నా కథ ఎవరికీ చెప్పలేదు. "కేసుల" పక్కన నేను కూడా ఒక కేసునైపోతానని భయం. సలహా చెప్పే కుర్చీలో కూర్చున్న మనిషి ఏడవకూడదనుకున్నాను. నేనిక్కడ ధైర్యం చెప్పడానికి ఉన్నాను కదా!

2016లో ఒక పిల్ల మా దగ్గరికి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. మూడుసార్లు వచ్చింది. మూడోసారి పెద్దమనుషులు కూర్చున్నారు, అతను కాగితం రాసిచ్చాడు. ఆమె నా మొహంలోకి చూసి, "వెళ్ళమంటారా అక్కా?" అని అడిగింది. "నీ ఇష్టం అమ్మా" అన్నాను. పుస్తకం ప్రకారం అది సరైన జవాబే. నెల తిరక్కుండా ఆమె చనిపోయిందని కబురొచ్చింది.

తర్వాత పనులన్నీ సక్రమంగానే చేశాను. పోస్టుమార్టం దగ్గర నిలబడ్డాను, ఊరేగింపులో నడిచాను, కలెక్టరుకు వినతిపత్రం ఇచ్చాను. మూడు నెలల తర్వాత ఒకరోజు ఆఫీసులో ఫోన్ మోగింది. తియ్యడానికి చెయ్యి లేవలేదు. చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది, చెమటలు పోస్తున్నాయి. గుండెజబ్బనుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇ.సి.జి. తీసి ఏమీ లేదన్నారు. గ్యాస్ అన్నారు. టానిక్ రాశారు. ఏమీ లేదన్న మాట నాకు ఇంకా భయం వేసింది. ఏమీ లేకపోతే మరి రాత్రిళ్ళు వీధిలో స్కూటర్ ఆగిన చప్పుడికి ఎందుకు ఉలిక్కిపడి లేస్తున్నాను? అతన్ని వదిలి వచ్చి అప్పటికే పద్నాలుగేళ్ళు!

మా వీధిలో ఒక రిటైర్డ్ డ్రిల్లు టీచరమ్మ ఉండేవారు. మునిసిపల్ స్కూలు వరండాలో సాయంత్రాలు నలుగురైదుగురు ఆడవాళ్ళకి యోగా నేర్పేవారు. గురువునన్న హంగేమీ లేదు, ఫీజు లేదు. నన్ను చూసి, "ఏమ్మా, భుజాలు చెవులదాకా వచ్చేశాయి, దించు" అన్నారు. అప్పటిదాకా నా భుజాలు అలా బిగబట్టి ఉన్నాయని నాకే తెలియదు. ఆ ఒక్క మాటకి మర్నాడు చాప పట్టుకుని వెళ్ళాను.

మొదటి రోజు శవాసనంలో పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. రెండు నిమిషాలు కాలేదు, ఊపిరాడలేదు. వెల్లకిలా, కళ్ళు మూసుకుని, పక్కన ఎవరో నడుస్తున్న చప్పుడు వింటూ పడుకోవడం నాకు ఏం గుర్తు తెచ్చిందో మీకు విడమర్చి చెప్పనక్కర్లేదు. లేచి ఇంటికి పారిపోయాను. ఆవిడ తర్వాత ఇంటికి వచ్చారు. కారణం అడగలేదు. "పడుకోవద్దు. గోడకి వీపు ఆనించి కూర్చో, కళ్ళు తెరిచే ఉంచు, తలుపు కనిపించేలా కూర్చో" అన్నారు. చదువుకున్న మానసిక నిపుణులు కాదు ఆవిడ. కానీ దెబ్బతిన్న మనిషికి కావలసిన మొదటి విషయం, ఎటునుంచి బయటికి పోవచ్చో తనకు తెలియడమని ఆవిడకు ఎలాగో తెలుసు.

అలా నెల రోజులు గోడకి ఆనుకుని ఊపిరి లెక్కపెట్టాను. మూడు అంకెలు లోపలికి, ఐదు అంకెలు బయటికి. అంతే. దేవుడు లేడు, మంత్రం లేదు. మొదటి వారం అంతా దీనివల్ల ఏమొస్తుందని విసుగు. రెండో వారం ఏడుపు. ఎవరిమీదా కోపం లేకుండా, ఎవరికీ చెప్పుకోకుండా, వరండా స్తంభం చూస్తూ ఏడ్చేదాన్ని. ఆ చనిపోయిన పిల్ల కోసం నేను అప్పటిదాకా ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాకోసం అసలే ఏడవలేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. భయం వేసినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఎదిరించడానికో పారిపోవడానికో ఒళ్ళు సిద్ధమవుతుంది. అపాయం దాటాక ఆ సిద్ధపాటు సడలాలి. ఏళ్ళ తరబడి దెబ్బల మధ్య బతికినవాళ్ళలో చాలామందికి అది సడలదు. ఇల్లు మారినా, ఊరు మారినా ఒళ్ళు కాపలా కాస్తూనే ఉంటుంది. "అదంతా అయిపోయిందమ్మా, మర్చిపో" అని చెవిలో చెబితే ఒంటికి వినపడదు. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే వదిలే ఊపిరిని నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే ఒళ్ళు మెల్లగా దారికొస్తుంది. గుండెని మనం ఆజ్ఞాపించలేం, ఊపిరిని కొంతవరకు నడపగలం. అదే మన చేతిలో ఉన్న తాడు.

దీనిమీద పరిశోధన కూడా జరిగింది. అమెరికాలో బెస్సెల్ వాన్‌డెర్ కోల్క్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు కలిసి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. వైద్యం చేయించుకున్నా తగ్గని తీవ్రమైన మానసిక గాయాలున్న 64 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పది వారాలపాటు, వారానికోసారి, జాగ్రత్తగా రూపొందించిన యోగా తరగతులు. రెండో జట్టుకు స్త్రీల ఆరోగ్యం గురించిన చర్చా తరగతులు. పది వారాల తర్వాత యోగా జట్టులో 52 శాతం మందిని ఆ జబ్బు నిర్ధారణ పరిధిలోంచి బయటపడ్డవారిగా గుర్తించారు. రెండో జట్టులో 21 శాతం మంది. ఇది చిన్న అధ్యయనం, దీన్నిబట్టి అందరికీ నయమవుతుందని ఎవరూ చెప్పకూడదు. యోగా జట్టులో కూడా సుమారు సగం మందికి అది చాలలేదన్న సంగతి మరిచిపోకూడదు. నాకు కూడా ఊపిరి ఒక్కటే చాలలేదు. డాక్టరు రాసిన మందులు ఎనిమిది నెలలు వాడాను. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడటం లేదు.

ఇక శరీరం సంగతి. నాకు 29 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్టవుతోందని వెళితే, ఉంచితే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీసేశారు. మన దగ్గర ఇది నా ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమందికి, తెలంగాణలో సుమారు ఎనిమిదిమందికి తీసేశారు. ఈ అంకెలు నేను ఎన్నో సభల్లో చెప్పాను. చెప్పేటప్పుడు నా కడుపు మీది గాటు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. స్నానం చేసేటప్పుడు కూడా అటు చూసేదాన్ని కాదు. నా దృష్టిలో నా ఒళ్ళు పరాయివాళ్ళు కొట్టిన, కోసిన వస్తువు. దాన్ని మీటింగులకు మోసుకుపోయే బండిలా వాడుకున్నాను.

ఒకరోజు టీచరమ్మ అందర్నీ కడుపుమీద చెయ్యి పెట్టుకుని ఊపిరికి అది లేవడం, దిగడం గమనించమన్నారు. నా చెయ్యి సరిగ్గా ఆ గాటు మీద పడింది. తియ్యబోయి, తియ్యకుండా ఉంచాను. పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి. కింద వెచ్చగా ఉంది, కదులుతోంది. "పాపం, ఇన్నాళ్ళూ నాకోసం పనిచేస్తూనే ఉన్నావే" అనుకున్నాను. నవ్వొస్తుంది చెబితే, ఒక పొట్టతో మాట్లాడాను! కానీ నన్ను నేను ఒప్పుకోవడం అక్కడ మొదలైంది.

ఈ "ఒప్పుకోవడం" అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. మన వాళ్ళకు అభ్యంతరం ఇక్కడే. జరిగిందాన్ని ఒప్పుకోవడం వేరు, జరుగుతున్నదాన్ని ఒప్పుకోవడం వేరు. "నన్ను కొట్టారు. నేను తొమ్మిదేళ్ళు ఉండిపోయాను. ఉండిపోవడం నా తప్పు కాదు. ఆ పిల్లని నేను కాపాడలేకపోయాను. ఆమెను చంపింది నేను కాదు." ఈ నాలుగు వాక్యాలు నేను నోటితో అనడానికి ఏడాదిన్నర పట్టింది. అన్న తర్వాత నాకు కోపం తగ్గలేదు. ఎవరిమీద ఉండాలో వాళ్ళమీదికి వెళ్ళింది. అంతకుముందు అదంతా నామీదే ఉండేది. నా తిండిమీద, నిద్రమీద, నా కూతురిమీద చూపించేదాన్ని. సర్దుకుపోయిన మనిషి తల వంచుకుంటుంది. తనని తాను ఒప్పుకున్న మనిషి తల ఎత్తి కోర్టులో సాక్ష్యం చెప్తుంది. ఈ తేడా నేను కళ్ళారా చూశాను. మా కేంద్రానికి వచ్చే ఒకావిడ క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండుసార్లు నోరు పెగలక ఏడ్చి దిగిపోయింది. మూడో వాయిదాకి ముందు కోర్టు వరండాలో ఇద్దరం పాదాలు నేలకు ఆనించి కూర్చుని, పది నిమిషాలు ఊపిరి లెక్కపెట్టుకున్నాం. లోపలికెళ్ళి అడిగినవాటికల్లా తడుముకోకుండా జవాబు చెప్పింది. తీర్పు ఇంకా రాలేదు. కానీ తన నోటితో తన మాట చెప్పుకుంది.

ఇక్కడ చట్టం మాట కూడా ఒకటి చెప్పాలి. మనసుకు తగిలిన దెబ్బ కూడా దెబ్బేనని 2005 గృహహింస చట్టం ఒప్పుకుంది. అందులో 22వ సెక్షన్ కింద మానసిక హింసకూ, మనోవేదనకూ నష్టపరిహారం అడగొచ్చు. మనం అర్జీలు రాసేటప్పుడు భరణం, నివాసం రాసి దీన్ని చాలాసార్లు వదిలేస్తాం. అలాగే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని చెప్పింది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 మీ ఆఫీసు గోడమీద ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. చాప పరిచి ఊపిరి లెక్కపెట్టమనడం ఈ హక్కులకు బదులు కాదు. "మీరు యోగా నేర్పుతున్నారుగా, ఇక సైకాలజిస్టు ఎందుకు?" అని ఏ అధికారైనా అంటే గట్టిగా పోట్లాడాల్సిందే.

యోగా ఎవరిది అన్న ప్రశ్న కూడా ఉంది. ఒకప్పుడు అది ఆడవాళ్ళది కాదన్నారు. 1930లలో మైసూరు రాజావారి యోగశాలలో కృష్ణమాచార్య గారి దగ్గరికి ఇంద్రా దేవి అనే విదేశీ మహిళ నేర్చుకోవడానికి వెళితే ఆయన మొదట కాదన్నారు. మహారాజు జోక్యంతోనే ఒప్పుకున్నారు. ఆమె తర్వాత దేశదేశాల్లో నేర్పి 2002లో 102 ఏళ్ళ వయసులో చనిపోయారు. పూనాలో గీతా అయ్యంగార్ నెలసరి, గర్భం, ముట్లుడిగే వయసు, అన్నిటినీ దృష్టిలో పెట్టుకుని స్త్రీల కోసం ఆసనాల క్రమాన్ని రూపొందించారు. ఇంకా వెనక్కి వెళితే పాళీ భాషలో బౌద్ధ భిక్షుణుల పాటలు "థేరీగాథ"గా మిగిలాయి. భర్తనూ, బిడ్డల్నీ, తల్లిదండ్రుల్నీ పోగొట్టుకుని మతి చలించిన పటాచార తర్వాత తనలాంటి స్త్రీలకు దారి చూపిందని బౌద్ధులు చెప్పుకుంటారు. 2015 నుంచి జూన్ 21న యోగా దినోత్సవాలు జరుగుతున్నాయి. 2025లో విశాఖ బీచ్ రోడ్డు మీద లక్షలమంది ఒకేసారి ఆసనాలు వేశారు. సంతోషమే. కానీ పొద్దున నాలుగింటికి లేచి, వంట చేసి, కూలికి పోయి, చీకటి పడ్డాక వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి ఇరవై నిమిషాలు ఎవరిస్తారు? ఆ ఇరవై నిమిషాలు కూడా హక్కుల విషయమే. మా గుంపులో ఒకామె, "చాపమీద కూర్చున్నంతసేపూ ఎవరూ నన్ను నీళ్ళడగలేదక్కా" అంది. ఆమెకు అన్నిటికంటే బాగా నచ్చింది అదే.

మా కేంద్రంలో ఆరేళ్ళుగా వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటున్నాం. తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. మీ దగ్గర మొదలుపెడితే పనికొస్తాయి.

ఎవర్నీ బలవంతం చెయ్యకూడదు. రానివాళ్ళకి సాయం తగ్గకూడదు. కళ్ళు మూసుకోమని, పడుకోమని ఆజ్ఞలు వద్దు. ఇష్టమైతే మూసుకోండి, లేకపోతే నేలవైపు చూడండి అనాలి. తలుపు తీసి ఉంచాలి. సరిచెయ్యడానికైనా సరే ఎవరి ఒంటిమీదా చెయ్యి వెయ్యకూడదు. ఒకసారి నేను వెనకనుంచి ఒకమ్మాయి భుజం ముట్టుకుంటే కెవ్వున అరిచింది. ఆ అరుపు నేను మర్చిపోలేను. ముసల్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు. బి.పి. ఉన్నవాళ్ళకి, గర్భిణులకి ఊపిరి బిగబట్టే పద్ధతులు మేము చెప్పం. మా గుంపులో ముస్లిం స్త్రీలున్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, ఏ దేవుడూ లేనివాళ్ళున్నారు. అందుకని శ్లోకాలు పెట్టుకోలేదు. ఊపిరికి మతం లేదు కదా. ధ్యానంలో పాత సంగతులు మరీ ఎగదన్నుకొస్తే, గదిలో ఉన్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పిస్తాం, మంచినీళ్ళిస్తాం, ఆ రోజుకి ఆపేస్తాం. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఎవరినోటైనా వస్తే అది చాపమీద తేలే విషయం కాదు. ఆమెను ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. ఇంకొకటి. నేర్పేవాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా ప్రశ్నించడానికి వీల్లేని గురువులైతే అక్కడికి మనవాళ్ళని పంపకూడదు. ఇంట్లో ఒక యజమానిని వదిలి వచ్చి ఆశ్రమంలో ఇంకో యజమానిని వెతుక్కోనక్కర్లేదు.

చివరగా మన గురించి. మనం రోజంతా దెబ్బల కథలు వింటాం. రాత్రి అవి మనతోపాటు ఇంటికొస్తాయి. "ఉద్యమంలో ఉన్నవాళ్ళకి ఇవన్నీ ఏమిటి?" అని మనమే మన నోరు నొక్కుకుంటాం. నాలాగా చెయ్యి లేవని రోజు వచ్చేదాకా ఆగొద్దు. ఈ సమావేశం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ప్రతి సంస్థలో కార్యకర్తలు నెలకోసారి కేసుల లెక్క కాకుండా తమ మనసు చెప్పుకోవడానికి ఒక పూట కేటాయించాలి. మనకు తెలిసిన మనిషి చనిపోయిన తర్వాత ఆ కేసు చూసిన కార్యకర్తకి జీతంతో సెలవివ్వాలి. ప్రాజెక్టు బడ్జెట్లు రాసేటప్పుడు జీపు డీజిలుతోపాటు మన మానసిక ఆరోగ్యానికి కూడా ఒక పద్దు రాయాలి. దాతలు ఒప్పుకోరంటారా? అడిగి చూద్దాం. అడగకుండా మనకేం వచ్చింది గనక!

ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది. "వెళ్ళమంటారా అక్కా?" ఇప్పుడైతే ఏమంటానని చాలాసార్లు ఆలోచించాను. "కాసేపు కూర్చో. నీ ఒళ్ళు ఏమంటోందో విను. భయమంటే భయమని చెప్పు. ఈ రాత్రికి ఇక్కడే ఉండు" అని ఉండేదాన్నేమో. అప్పుడు నా ఒళ్ళు చెప్పేదే నేను వినలేని స్థితిలో ఉన్నాను, ఆమెది ఎలా వినగలను?

టీ రావడానికి ఇంకా ఐదు నిమిషాలుందట. ఇష్టమున్నవాళ్ళు పాదాలు నేలకు ఆనించి, భుజాలు కిందికి దించి కూర్చోండి. ఇష్టం లేనివాళ్ళు కిటికీలోంచి ఆ వేపచెట్టుని చూడండి, అదీ మంచిదే. మూడు అంకెలు లోపలికి, ఐదు అంకెలు బయటికి. టీ తర్వాత ప్రతిపాదనల మీద చర్చ మొదలుపెడదాం.